మైకు మూతి ఎటు? - చేతిఫోనుతో ధ్వని దిశను కొలిచే పద్ధతి

ఉప్పునుంతల, అచ్చంపేట వైపు పల్లెలలో పంచాయతీ కబురు జనానికి చేరటానికి రెండు దారులు. ఒకటి పాతది. మెడకు డప్పు తగిలించుకొని ఒక మనిషి వాడవాడా తిరిగి, ప్రతి మలుపు దగ్గర నిలబడి దరువు వేసి చాటింపు చెప్పటం. రెండవది కొత్తది. పంచాయతీ కచ్చేరి కప్పు మీద ఒక ఇనుప గొట్టం, దానికి కట్టిన ఒకటో రెండో మైకు హారన్లు. లోపల కూర్చొని మాట్లాడితే చాలు, ఊరంతా వినపడుతుందని మన నమ్మకం.

వినపడటం ఊరంతా వినపడుతుంది. తెలియటం మాత్రం ఊరంతా తెలియదు. హారను మూతి బజారు వైపు వుంటుంది. వెనక పక్కన, ఓరగా, ఊరి చివరన వున్న వాడలలో ఏదో చెబుతున్నారని తెలుస్తుంది; ఏమి చెబుతున్నారో తెలియదు. పింఛను ఇచ్చే రోజు, పిల్లలకు టీకాలు వేసే రోజు, చెరువు తూము ఎత్తే రోజు - యివన్నీ ఆ హారనులోంచి వచ్చేవే. "మాకు సరిగ్గా తెల్వలేదు" అని ఆ వాడవాళ్లు అంటారు. "అంత గట్టిగ మైకుల చెప్తిమి గదా!" అని కచ్చేరివాళ్లు అంటారు. చిత్రమేమిటంటే యిద్దరూ చెప్పేది నిజమే. ఎట్లా నిజమో భౌతికశాస్త్రం చెబుతుంది. ఎంత నిజమో తేల్చుకోవటానికి యిప్పుడు పెద్ద ప్రయోగశాల అక్కర లేదు. రెండు స్మార్ట్‌ఫోన్లు, ఒక తాడు, కొంచెం సుద్దముక్క వుంటే చాలును. ఆ పద్ధతి వివరించటమే యీ వ్యాసం పని.

అలకు ఎంత పొడుగు, మూతికి ఎంత వెడల్పు

గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు నడుస్తుంది. (మన ఎండాకాలంలో 40 డిగ్రీల వేడిలో 355 దాకా పోతుంది, లెక్క తేలికగా వుండటానికి 340 అనుకుందాం.) యీ వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 100 హెర్ట్‌జుల స్వరానికి అల పొడుగు 3.4 మీటర్లు, అనగా రెండు నిలువుల మనిషి. 1000 హెర్ట్‌జులకు 34 సెంటీమీటర్లు, మూరకంటె తక్కువ. 4000 హెర్ట్‌జులకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, బెత్తెడు.

ఇక స్పీకరు మూతిని చూడండి. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అనే యిద్దరు యింజనీర్లు వర్ణించిన పద్ధతిలోనే యీనాటికీ మన స్పీకర్లు ఎక్కువగా తయారవుతున్నవి: అయస్కాంతం మధ్యలో ఒక తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు. ఆ శంకువులోని ప్రతి బిందువూ గాలిని తోస్తుంది. ఎదురుగా నిలబడినవాడికి అన్ని బిందువుల నుంచీ దూరం దాదాపు సమానమే గనుక అన్ని తోపులూ ఒకే వేళకు చేరి కలిసి బలపడతాయి. పక్కకు జరిగినవాడికి ఒక అంచు దగ్గర, రెండో అంచు దూరం. ఆ తేడా అల పొడుగుతో పోలిస్తే చాలా చిన్నదైతే ఏ నష్టమూ లేదు. అల పొడుగులో సగానికి వచ్చిందంటే మాత్రం ఒక చోటి తోపు వచ్చే వేళకు యింకొక చోటి నుంచి లాగుడు వస్తుంది. ఒకడు ముందుకు తోసే బండిని యింకొకడు వెనక్కి లాగితే కదులుతుందా? దీనినే వ్యతికరణం అని యింటర్మీడియట్ పుస్తకంలో చదువుకొని, పరీక్ష రాసి, మరిచిపోయినాము.

లెక్క వేసి చూస్తే విషయం యింకా స్పష్టంగా వుంటుంది. 20 సెంటీమీటర్ల వెడల్పుగల (ఎనిమిది అంగుళాలదని బజారులో అమ్మే) స్పీకరును తీసుకోండి. గుండ్రని పళ్లెం వలె అది మొత్తం ఒక్కటిగా కదులుతుందని అనుకుందాం. ఎదురు దిశనుంచి 60 డిగ్రీలు పక్కకు జరిగితే 500 హెర్ట్‌జుల స్వరం ఒక డెసిబెల్ గూడా తగ్గదు. 1000 హెర్ట్‌జుల స్వరం 3 డెసిబెల్లు తగ్గుతుంది. 2000 హెర్ట్‌జుల స్వరం దాదాపు 16 డెసిబెల్లు పడిపోతుంది, అంటే శక్తిలో నలభైయవ వంతు మాత్రమే మిగులుతుంది. 4000 హెర్ట్‌జులకైతే 60 దాకా పోనక్కర లేదు, 31 డిగ్రీల దగ్గరనే ధ్వని దాదాపు శూన్యం. ఆ శూన్యకోణం కనుక్కోవటానికి ఒక చిన్న సూత్రం వున్నది: అల పొడుగును 1.22తో గుణించి మూతి వెడల్పుతో భాగిస్తే ఆ కోణం సైన్ విలువ వస్తుంది. దూరదర్శినిలో రెండు నక్షత్రాలను విడదీసి చూడగల హద్దుకు గూడా యిదే 1.22 వాడతారు. వెలుతురుకు, చప్పుడుకు ఒకటే న్యాయం!

నిజమైన స్పీకరు అచ్చంగా యీ లెక్కకు లొంగదు. ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర శంకువు మధ్యభాగమే ఎక్కువ కదులుతుంది కాబట్టి కొంచెం వెడల్పుగానే పంచుతుంది. హారను తీరు మరి వేరు. అది ధ్వనిని గొట్టంలో నడిపించి, మూతి దగ్గర మెల్లగా వెడల్పు చేసి వదులుతుంది. బొంగురు స్వరాలను అసలు సరిగ్గా పలకదు. అయినా స్థూలంగా ధర్మం అదే: అల పొడుగు మూతికంటె పెద్దదైతే ధ్వని నలుదిక్కులకూ పాకుతుంది, చిన్నదైతే ఎదురుగా దూసుకుపోతుంది.

అచ్చులు వస్తాయి, హల్లులు రావు

ఇప్పుడు ఆ చివరి వాడ సంగతికి వద్దాం. మనిషి మాటలో బలమంతా ఎక్కువగా అచ్చులది. ఆ, ఓ, ఊ వంటివాటి శక్తి చాలావరకు 1000 హెర్ట్‌జుల లోపు వుంటుంది. హల్లుల శక్తి చాలా తక్కువ. కాని ఒక మాటను యింకొక మాట నుంచి వేరుచేసేది అవే. "పాలు, తాలు, కాలు, చాలు" - యీ నాలుగింటికీ తేడా మొదటి అక్షరం పెదవి విప్పే ఆ లిప్తలో వచ్చే చిటపట మాత్రమే. ఆ చిటపటలు, "స, శ, చ"ల బుసలు 2000 హెర్ట్‌జులకు పైన విస్తారంగా వుంటాయి. హారను పక్కకు పోయినవాడికి సరిగ్గా అవే తెగిపోతాయి. వాడికి చేరేది "ఆలు, ఆలు, ఆలు, ఆలు". మన తెలుగు అజంత భాష, ప్రతి మాటా అచ్చుతో ముగిసే భాష అని గర్వంగా చెప్పుకుంటాము గదా. హారను వెనక నిలబడినవాడికి ఆ అజంతమొక్కటే మిగులుతుంది!

మరి యిక్కడ కచ్చేరిలో ఏమి చేస్తారు? వినపడలేదన్న ఫిర్యాదు రాగానే ఆంప్లిఫయరు గుండీ యింకొంచెం తిప్పుతారు. దానివల్ల చివరి వాడలో అచ్చులు యింకా గట్టిగా మోగుతాయి, హల్లులు మాత్రం అచ్చుల కంటె అంతే వెనకబడి వుంటాయి. హారను ఎదురుగా యిల్లున్న పాపానికి ఒక ముసలాయనకు తల దిమ్మెక్కుతుంది. గుండీ తిప్పటం కాదు, గొట్టం తిప్పటం కావాలి. లేదా ఆ వాడ వైపు మూతి పెట్టి యింకొక చిన్న హారను కట్టాలి. డప్పు చాటింపు వేసే మనిషికి యీ యిబ్బంది లేదు. ఆయన నోటికీ దిశ వున్నది గాని, కాళ్లు వున్నవి. నడిచి పోయి ప్రతి వాడకూ ఎదురుగా నిలబడేవాడు. ఆ పనిలోని యీ శాస్త్రాన్ని మనము ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

కొలత

జర్మనీలో ఆఖెన్ నగరపు ఆర్‌డబ్ల్యుటిహెచ్ విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రంవారు 2016లో "ఫైఫాక్స్" అనే ఆప్‌ను ఉచితంగా విడుదల చేసినారు. స్వరం పుట్టించటం, ధ్వని తీవ్రత కొలవటం, ఫోను ఎంత తిరిగిందో చూపటం - మూడూ అందులో వున్నవి. అటువంటి ఆప్‌లు యింకా వున్నవి, ఏదైనా సరే.

మొదట చిన్న డబ్బా స్పీకరుతో మొదలుపెట్టండి. చోటు ముఖ్యం. గదిలో చేయకండి, గోడల నుంచి తిరిగి వచ్చే ధ్వని కలిసిపోయి, ఫోను జానెడు జరిపితే చాలు అంకె మారిపోతుంది. ఉమామహేశ్వరం కొండ దగ్గర బాగుంటుంది గదా అని అక్కడికి పోయేరు సుమా! 34 మీటర్ల దూరంలో రాతి చరియ వుంటే మీ చప్పుడు సెకనులో అయిదవ వంతులోనే తిరిగి మీ ఫోనులో పడుతుంది. పంట తీసిన చేను మధ్యలో, గట్టిగా అలికిన కళ్లం దొరికితే అంతకంటె మేలు లేదు. వేకువనే పోవాలి, గాలి కదలక ముందు.

కళ్లం అన్నది ఎందుకంటే, నేల గూడా ఒక గోడే. స్పీకరు స్టూలు మీద, ఫోను చేతిలో వుంటే, నేరుగా వచ్చిన ధ్వని, నేలకు తగిలి వచ్చిన ధ్వని రెండూ కలిసి కొన్ని స్వరాలను మింగేస్తాయి. స్పీకరును, ఫోనును రెండింటినీ నేలమీదనే వుంచితే యీ రెండు దారులూ ఒకటైపోతాయి. అన్ని స్వరాలూ సమానంగా పెరుగుతాయి, తేడాలు చెడవు. గట్టి నేల కావాలి. దుక్కి నేల అయితే ధ్వనిని తాగేస్తుంది.

స్పీకరు కింద సుద్దతో వృత్తం గీసి, 15 డిగ్రీలకు ఒక గీత చొప్పున 24 గీతలు పెట్టండి. ఫోనును రెండు మీటర్ల దూరంలో, మైకు రంధ్రం స్పీకరు వైపు వుండేటట్లు పెట్టి యిక దానిని ముట్టుకోకండి. తిప్పవలసినది స్పీకరును. ఫోను పట్టుకొని మీరే చుట్టూ తిరిగితే ఫోను వంకర, మీ ఒంటి నీడ గూడా కొలతలో కలుస్తాయి. 500 హెర్ట్‌జుల స్వరం మోగించి ఒక్కొక్క గీతకు తిప్పుతూ డెసిబెల్ అంకె రాసుకోండి. తరువాత 1000, 2000, 4000. ఒక మనిషి తిప్పాలి, ఒకరు రాయాలి. తక్కినవాళ్లు దూరంగా కూర్చొని మాట్లాడకుండా వుండాలి. ప్రయోగంలో కష్టమైన భాగం యిదే.

ఫోనులో కనబడే అంకె నిజమైన డెసిబెలేనా అని మీరు అడుగుతారు. కాదు. ప్రమాణ పరికరంతో సరిచూడని ఫోను అయిదూ పదీ డెసిబెల్లు తప్పు చూపవచ్చు. కాని మనకు కావలసినది తేడా మాత్రమే. ఎదురు దిశలో వచ్చిన అంకెను సున్నా అనుకొని, తక్కిన అన్నింటిలోంచి దానిని తీసివేయండి. ఫోను పొరపాటు రెండింటిలోనూ సమానంగా వుంటుంది కాబట్టి తీసివేతలో పోతుంది. తూనికరాళ్లు అరిగిపోయినా రెండు బస్తాలలో ఏది బరువో త్రాసు చెప్పగలదు గదా!

అయితే ఒక మోసం వున్నది. మన ఫోన్లు మాట్లాడుకోవటానికి చేసినవి. మెల్లగా మాట్లాడితే తామే పెంచి, గట్టిగా మాట్లాడితే తామే తగ్గించే ఏర్పాటు చాలా ఫోన్లలో వుంటుంది. అది పనిచేస్తూ వుంటే మీ గీతలన్నీ గుండ్రంగా, అందంగా, అబద్ధంగా వస్తాయి. కనిపెట్టే ఉపాయం తేలిక. ఆరుబయట దూరం రెట్టింపు చేస్తే ధ్వని 6 డెసిబెల్లు తగ్గాలి. స్పీకరుకు రెండు మీటర్లలో ఒకసారి, నాలుగు మీటర్లలో ఒకసారి కొలవండి. తేడా ఆరుకు దగ్గరగా వస్తే ఆ ఫోనును నమ్మవచ్చు. రెండో మూడో వస్తే ఆప్‌లో ధ్వనిని సవరించకుండా తీసుకునే అమరిక వున్నదేమో వెతకండి. లేకపోతే యింకొకరి ఫోను అడిగి తీసుకోండి. అట్లాగే స్పీకరు ఆపి పరిసరాల సద్దు ఎంతో చూడండి. మీ కొలతలలో అన్నిటికంటె చిన్న అంకె దానికంటె కనీసం 10 డెసిబెల్లు పైన వుండాలి. లేకపోతే మీరు కొలిచేది స్పీకరును కాదు, కీచురాళ్లను.

అంకెలు వచ్చినాక ధ్రువ పటం గీయండి. బయటి వృత్తం సున్నా, లోపలి బిందువు మైనస్ 30 డెసిబెల్లు. 500కు దాదాపు గుండ్రని గుమ్మడికాయ, 4000కు ముందుకు పొడుచుకొచ్చిన దోసకాయ వస్తాయి. పక్కన చిన్న చిన్న పిలకలు వస్తే అవి మీ పొరపాటని చెరిపివేయకండి. వ్యతికరణం వల్ల రావలసినవే.

కచ్చేరి మీది హారనును కళ్లానికి దింపటం సాధ్యం కాదు. దానికి తాడు కావాలి. గొట్టం కింది బిందువు నుంచి 20 మీటర్ల తాడు పట్టుకొని, తాడు బిగువుగా వుంచి చుట్టూ నడవండి. ఎక్కడ నిలబడినా ఫోను ముఖం హారను వైపే వుంచండి. ఒక్క స్వరానికి బదులు పెన్‌డ్రైవులో ఎక్కించిన హోరుధ్వని మోగిస్తే గోడల యిబ్బంది కొంత తగ్గుతుంది. సర్పంచ్ గారిని, ఊరివాళ్లను ముందే అడిగి చేయాలి, పట్టపగలే చేయాలి.

మైకు సంగతి

స్పీకరుకు మూతి వున్నట్లే మైకుకు చెవి వున్నది. ఫోనులోని మైకు ఒక సన్నని రంధ్రం వెనక వున్న చిన్న పొర. వెనక వైపు మూసి వుంటుంది కాబట్టి అది గాలి ఒత్తిడిని మాత్రమే చూస్తుంది. ఒత్తిడికి దిశ లేదు. కనుక అన్ని పక్కలా సమానంగా వింటుంది. తరగతిలో బల్ల మీద ఫోను పెట్టి పాఠం రికార్డు చేసుకునేవాళ్లకు లెక్చరరు గొంతుతో పాటు పంకా రొద, పక్క బల్లవాళ్ల గుసగుసలు వచ్చేది యిందుకే. దీనిని గూడా కొలవవచ్చు. తిరిగే కుర్చీ మీద ఫోను వుంచి మెల్లగా ఒక చుట్టు తిప్పితే ఎంత కోణం తిరిగిందో, ధ్వని ఎంత వచ్చిందో రెండూ ఫోనే రాసుకుంటుంది. 500 హెర్ట్‌జులకు వృత్తం వస్తుంది. 4000కు ఫోను ఒళ్లే అడ్డమై వెనక నీడ పడుతుంది.

సభలలో చేతబట్టుకొనే మైకు వేరు జాతి. దాని పొర వెనక్కి గూడా ధ్వని పోయేటట్లు జాలీ కింద సందులు పెడతారు. వెనకనుంచి వచ్చే ధ్వని ముందు దారిలో, వెనక దారిలో ఒకే వేళకు చేరేటట్లు లోపల ఆలస్యం కల్పిస్తారు. రెండు వైపులా సమానంగా నొక్కితే పొర కదలదు. ధ్రువ పటంలో యిది హృదయాకారంగా వస్తుంది. పక్కనుంచి వచ్చే ధ్వని సగానికి, అనగా 6 డెసిబెల్లు తగ్గుతుంది. సరిగ్గా వెనకనుంచి వచ్చేది శూన్యం. 1939లో షూర్ కంపెనీకి బెంజమిన్ బాయర్ తయారుచేసిన యూనిడైన్ మైకు ఒకే పొరతో యీ పని చేయగలిగిన ప్రసిద్ధమైన నమూనా.

మన కాలేజీ సభల్లో దీని ప్రాణం తీసే పద్ధతి ఒకటున్నది. పాటగాడు ఉత్సాహంగా మైకు తలను పిడికిలితో బిగించి పట్టుకుంటాడు. వెనక సందులు మూసుకుపోయి అది గూడా ఫోను మైకు లాగ నలుదిక్కులా వినటం మొదలుపెడుతుంది, ఎదురుగా వున్న స్పీకరు ధ్వనిని పట్టుకొని మళ్లీ స్పీకరుకే పంపుతుంది, హాలంతా "కీ...చ్" మని అరుస్తుంది. అందరూ ఆంప్లిఫయరు కుర్రవాడిని తిడతారు. పాపం, వాడి తప్పు కాదు.

స్తంభం లాంటి పొడుగు స్పీకర్ల విషయంలో గూడా యిటువంటిదే. అందులో నాలుగైదు స్పీకర్లు ఒకదాని మీద ఒకటి వుంటాయి. నిలువుగా పెడితే మూతి నిలువులో పొడుగు, అడ్డంలో ఇరుకు. కాబట్టి ధ్వని పైకీ కిందికీ పోకుండా, అడ్డంగా జనం మీద పరుచుకుంటుంది. వేదిక అలంకరణకు అడ్డం వచ్చిందని దానిని పడుకోబెట్టినారనుకోండి, అంతా తలకిందులు: మధ్య వరుసకు మాట, పక్క వరుసలకు అచ్చులు, మిగిలినది పైకప్పుకు.

తిప్పినా లొంగనిది

దిశ తిప్పితే అన్నీ బాగుపడతాయని అనుకోకండి. పెండ్లి ఊరేగింపులో, పండుగలకు వచ్చే డీజే బండిలోని పెద్ద డబ్బా 60 హెర్ట్‌జుల దగ్గర గుద్దుతుంది. ఆ అల పొడుగు అయిదున్నర మీటర్లకు పైన. దాని ముందు రెండడుగుల డబ్బాకు మూతి వున్నా లేనట్లే. బడి వైపు వీపు పెట్టి నిలిపినా బడి కిటికీలు అదురుతాయి. దానికి దూరం, తగ్గింపు తప్ప వేరే మందు లేదు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాలలో నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ల హద్దు వున్నది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడుస్పీకరు కూడదు. బడి, ఆసుపత్రి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి నేల చల్లబడి, ధ్వని పైకి పోకుండా కిందికి వంగి యింకా దూరం పోతుందని గూడా గుర్తుంచుకోవాలి. మీ ఫోను అంకె పోలీసు స్టేషనులో సాక్ష్యంగా నిలవదు, దానికి సరిచూసిన మీటరు కావాలి. కాని పరీక్షల రోజులలో మైకువాళ్లతో మాట్లాడేటప్పుడు చేతిలో ఒక పటం వుంటే మాట వేరుగా వుంటుంది.

చివరగా, ఊరి హారను మంచిచెడ్డలు తేల్చటానికి డెసిబెల్లు ఒక్కటే చాలవు. చెవులను గూడా పనిలో పెట్టాలి. టెలిఫోను తొలి రోజులలో అమెరికాలో హార్వీ ఫ్లెచర్ వంటివారు చేసిన పరీక్షనే మనము తెలుగులో చేయవచ్చు. పాలు, తాలు, కాలు, చాలు. పని, గని, శని, మని వంటి మాటలు యాభై ఏరి, చీటీలు కలిపి, ఒకరు కచ్చేరి మైకులో ఒక్కొక్కటే చదవాలి. ప్రతి వాడలో యిద్దరు ముగ్గురు పిల్లలు కాగితం, పెన్సిలు పట్టుకొని విన్నది విన్నట్లు రాయాలి. ఊహించి దిద్దకూడదు. యాభైలో ఎన్ని సరిపోయినవో లెక్కించి, ఊరి పటంలో ఆయా వాడ దగ్గర ఆ అంకె వేయండి. దాని పక్కనే 2000 హెర్ట్‌జుల కొలత, 500 హెర్ట్‌జుల కొలత రాయండి. తరువాత హారనును ఆ వాడ వైపు 30 డిగ్రీలు తిప్పి, గుండీ ముట్టుకోకుండా, చీటీలు మళ్లీ కలిపి అదే యాభై మాటలు చదవండి. సంక్రాంతి సెలవులలో రెండు పూటల పని. పిల్లలకు పెన్సిళ్లు మీరే కొనిపెట్టాలి.